పడటమూ ఒక విద్యే

రామగిరి ఖిల్లా ఎక్కి దిగినవారికి ఒక విషయం అనుభవంలోకి వచ్చే ఉంటుంది. ఎక్కేటప్పుడు కలిగేది ఆయాసం మాత్రమే. కాలు జారేది దిగేటప్పుడు. ఎక్కడానికి దారి చూపేవారు చాలామంది దొరుకుతారు కాని, దిగేటప్పుడు అడుగు ఎక్కడ వేయాలో చెప్పేవారు తక్కువ. క్రీడలలో కూడా ఇదే జరుగుతున్నది. గెలుపునకు మార్గాలు చెప్పే గురువులకు, గ్రంథాలకు కొదవ లేదు. ఓడిన క్రీడాకారుడు ఆ సాయంత్రం ఏమి చేయాలి, మరునాటి ఉదయం ఏ ముఖంతో మైదానానికి వెళ్ళాలి అనే ప్రశ్నను మాత్రం ఎవరూ పాఠంగా చెప్పరు. ఆ ప్రశ్నతోనే తన మొదటి పాఠాన్ని ప్రారంభించే క్రీడ ఒకటి ఉన్నది. అది మల్లయుద్ధం.

రామగిరి, సెంటినరీ కాలనీ, గోదావరిఖని, రామగుండం ప్రాంతాలలో బొగ్గుగనుల నీడన పెరుగుతున్న యువతకు ఆటలు కొత్త కావు. ఉదయపు షిఫ్టుకు కార్మికులు బయలుదేరే వేళకే కాలనీ మైదానాలలో పరుగులు మొదలవుతాయి. కబడ్డీ కూతలు, వాలీబాల్ చప్పుళ్ళు సాయంకాలం చీకటి పడేవరకు వినిపిస్తాయి. అయితే జిల్లాస్థాయి ఎంపికలో ఒక్కసారి పేరు రాకపోతే చాలు, ఆడే బూట్లు అటక మీదికి చేరే ఇళ్ళు కూడా ఇక్కడ ఎన్నో ఉన్నాయి. "ఇక చదువు చూసుకో" అని తండ్రి అనడంలో తప్పు లేదు. గనిలో చెమటోడ్చిన మనిషి తన బిడ్డకు నిలకడైన జీవితం కోరడం సహజం. కాని ఆ బిడ్డ ఆటను విడిచింది చదువు కోసమా, ఓటమిని ఎట్లా మోయాలో తెలియకనా అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం వెతకడానికి కుస్తీ గోదా వంటి చోటు మరొకటి లేదు.

మల్లయుద్ధాన్ని మనం వాడుకలో కుస్తీ అంటాం. పోరాడే స్థలం గోదా. సాధన చేసే చోటు తాలింఖానా. నేర్పేవాడు ఉస్తాదు. పోరాడేవాడు పహిల్వాను, జెట్టి లేక మల్లుడు. వీటిలో కొన్ని సంస్కృతం నుంచి వచ్చినవి, కొన్ని అరబ్బీ పారసీకాల నుంచి ఉర్దూ మీదుగా మన నోట స్థిరపడినవి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అభ్యర్థులు "గోదాలోకి దిగారు" అని పత్రికలలో చదువుతుంటాం. నిజమైన గోదాను కన్నులారా చూసినవారు మాత్రం ఈనాడు తక్కువమందే.

తెలుగువారికి ఈ విద్యతో ఉన్న పరిచయం పాతది. విరాటుని కొలువులో వంటవాడైన వలలుని పేరుతో దాగి ఉన్న భీముడు, మల్లుని జయించిన కథను భారతం చదివినవారెవరూ మరచిపోరు. చరిత్ర కాలానికి వస్తే, 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికంతటికీ నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను ఎత్తేవాడట. ఆ నూనె అంతా చెమటగా వెలువడేవరకు కత్తిసాము చేసి, పిదప తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవాడట. ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. రాజును పడవేయడానికి జంకే మల్లుడి వలన రాజుకు విద్య రాదు. తనను నేల మీద పడవేయగలవాడు ప్రతి ఉదయం ఎదురుగా ఉండడమే మల్లునికి కావలసిన మొదటి సంపద.

ఉత్తరాంధ్రకు చెందిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో దేశమంతటా మారుమోగింది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, అక్కడే వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, తరువాత సొంతంగా సర్కస్ నడిపిన ఆయనను ప్రజలు కలియుగ భీముడని పిలుచుకొన్నారు. రొమ్ము మీద ఏనుగును నిలుపుకోవడం, ఉక్కు గొలుసులను తెంపడం వంటి ఆయన ప్రదర్శనలను గురించి మన పెద్దలు నేటికీ కథలుగా చెబుతారు. ఆ కథలలో అంతగా చెప్పుకోని భాగం ఒకటి ఉన్నది. చివరి రోజులలో వ్రణం వలన ఆయన ఒక కాలును తీసివేయవలసి వచ్చింది. ఏనుగు బరువును మోసిన దేహమే తన బరువును మోయలేని స్థితికి వచ్చింది. 1942లో ఆయన కన్నుమూశాడు. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టారు. బలాన్ని గురించి విని ఊరుకొనేవారు కథలో సగమే విన్నట్లు.

ఇక గోదాలోకి వద్దాం. మట్టి కుస్తీకి గోదాను సిద్ధం చేయడమే ఒక పని. మెత్తని ఎర్రమట్టిని జల్లించి, అందులో నూనె, మజ్జిగ, పసుపు వంటివి కలిపి, ప్రతిదినం పారతో తవ్వి, గుల్లచేసి, చదును చేస్తారు. తవ్వని మట్టి రాయిలాగ గట్టిపడుతుంది, పడినవాడి ఎముక విరుగుతుంది. కావున కొత్తగా చేరిన కుర్రవాడికి ఉస్తాదు మొదట అప్పగించేది పారనే. కొన్నాళ్ళపాటు వాడు పట్టు పట్టడు. మట్టి తవ్వుతాడు, దండీలు, బస్కీలు తీస్తాడు, పెద్దవాళ్ళ పోరు చూస్తాడు. తరువాత నేర్చుకొనేది పడటం.

పడటానికి నేర్చుకోవలసింది ఏమున్నదని అనిపించవచ్చు. నిలబడ్డ మనిషి వెనక్కి తూలినప్పుడు చేయి దానంతట అదే చాచుకొని నేలను ఆనుకోబోతుంది. అది సహజ స్వభావం. గోదాలో ఆ స్వభావమే శత్రువు. దేహం బరువంతా చాచిన అరచేతి మీద పడితే మణికట్టు, మోచేయి, మెడ దగ్గరి కంటె ఎముక ఏదో ఒకటి దెబ్బతింటుంది. అందువలన గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, వీపును గుండ్రంగా చేసి, ఊపిరి వదలుతూ, బరువును ఒక్కచోట కాక దేహమంతటా పరచుకొనేటట్లు పడాలని నేర్పుతారు. దెబ్బ అంతే ఉన్నా, అది పంచుకోబడుతుంది. ఇంకొక మెట్టు కూడా ఉన్నది. రెండు భుజాలు నేలకు తగిలితే కుస్తీలో ఓటమి. దానినే చిత్తు కావడం అంటారు. కావున వెల్లకిల పడుతున్న మల్లుడు తల మీద, పాదాల మీద బరువు మోపి నడుమును వంతెనలాగ పైకి లేపుతాడు. అప్పుడు పడినవాడు ఇంకా ఓడనివాడే. "కిందపడినా నాదే పైచేయి" అనే సామెతను మనం ఎగతాళికి వాడుతుంటాం కాని, గోదాలో అది కొన్ని క్షణాలపాటు అక్షరాలా నిజమవుతుంది.

ఈ శిక్షణలో ఒక గుణం ఉన్నది. రోజుకు యాభైసార్లు పడేవాడికి పడటమంటే అవమానం అనే భావన కొన్ని వారాలలో అరిగిపోతుంది. దాని స్థానంలో కుతూహలం పుడుతుంది. ఎందుకు పడ్డాను? బరువు ఏ కాలి మీద ఉన్నది? మోకాళ్ళు తగినంత వంగలేదా? తల ముందుకు వాలిందా? దేహపు గురుత్వ కేంద్రం ఎంత కిందికి ఉంటే నిలకడ అంత ఎక్కువ అని భౌతికశాస్త్రంలో చదువుకొన్నదే ఇక్కడ ఒంటి మీద రాసినట్లు తెలుస్తుంది. పొడవైనవాడు పొట్టివాడి చేతిలో పడినప్పుడు ఆ సూత్రం మరి మరచిపోడు.

మన గనులలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న వృద్ధులను అడిగితే ఇటువంటి విద్యనే మరొకటి చెబుతారు. భూగర్భంలో పనిస్థలానికి చేరగానే పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టి శబ్దం వస్తే రాయి పట్టుగా ఉన్నదని, బోలు శబ్దం వస్తే పొర విడివడి ఉన్నదని గ్రహించి, ఆ మేరకు ఆధారం నిలుపుతారు. కంటికి కనిపించని బరువును చెవితో, చేతితో కొలవడం అది. మల్లుడు ప్రత్యర్థి మెడ మీద చేయి వేసి చేసేదీ అదే పని. అవతలివాడు ఎటు వాలుతున్నాడో, ఏ కాలు తేలికగా ఉన్నదో ఆ స్పర్శతో పసిగట్టి, సరిగా ఆ కాలినే లాగుతాడు. ఈ రెండు విద్యలూ పుస్తకం వలన రావు. గనిలో పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది. గోదాలో పొరపాటు చేసినవాడు మట్టి దులుపుకొని మళ్ళీ నిలబడగలడు. పొరపాటు చేయడానికి తావిచ్చే చోటు ఎంత విలువైనదో గని ప్రాంతపు పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

తెలంగాణలో మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గరగా ఉన్న నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతపు పల్లెలలో జాతరలకు, హోలీ పండుగకు కుస్తీ పోటీలు జరపడం నేటికీ ఆచారం. బోధన్ దగ్గరి హున్సాలో హోలీనాడు ముందు కుస్తీలు, పిదప పిడిగుద్దులాట జరుగుతాయి. ఈ పోటీల ఏర్పాటులో ఒక పద్ధతి ఉన్నది. మొదట చిన్నపిల్లలను దింపుతారు. వారి కుస్తీకి బహుమానం కొబ్బరికాయ. అక్కడినుంచి బహుమానం క్రమంగా పెరుగుతూ నగదుకు, చివరికి పెద్ద పహిల్వానుల వెండి కడెం దాకా పోతుంది. ఆ మొదటి పోరులో ఓడిన పిల్లవాడు పోగొట్టుకొనేది ఒక కొబ్బరికాయ మాత్రమే. ఊరంతా చూస్తుండగా ఓడటం, అయినా మరుసటి ఏడు రావడం అనేవి అంత తక్కువ వెలకు అలవాటవుతాయి. పిల్లవాడి తొలి పోటీకే పతకం, సత్కారం, పత్రికలో ఫొటో తగిలించే నేటి మన పద్ధతికంటె ఆ పల్లెటూరి పద్ధతి వివేకవంతమైనదని నాకు తోస్తుంది.

మట్టి మీద నేర్చిన విద్య మరొక నేల మీద పనికిరాకపోతే ఏమి చేయాలి? ఖాశాబా దాదాసాహెబ్ జాదవ్ జీవితం ఈ ప్రశ్నకు సమాధానం. 1926లో మహారాష్ట్రలోని సతారా జిల్లా గోలేశ్వర్ గ్రామంలో మల్లుల ఇంట పుట్టిన ఈయన, 1948లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. ఖర్చు కొల్హాపూర్ మహారాజు భరించాడు. అక్కడ పోరాటం మట్టిలో కాదు, మ్యాట్ మీద. మట్టి కుస్తీలో ప్రత్యర్థిని చిత్తు చేసేవరకు పోరు సాగవచ్చు. ఓర్పుతో అలసిపోనిచ్చి, అదను చూసి పడవేయవచ్చు. మ్యాట్ మీద కాలానికి పరిమితి ఉన్నది, పట్టుకు విలువ ఉన్నది. కాలి కింది నేల మారితే అడుగు వేసే తీరు కూడా మారాలి. జాదవ్ అప్పటికి అంతర్జాతీయ నియమాలకు, మ్యాట్‌కు అలవాటుపడినవాడు కాదు. అయినప్పటికీ ఫ్లైవెయిట్ విభాగంలో ఆరవ స్థానం పొందాడు.

ఆరవ స్థానానికి పతకం లేదు. "నేల కొత్తది, నియమాలు కొత్తవి" అని చెప్పుకొని తృప్తిపడటానికి కావలసినంత కారణం ఆయనకు ఉన్నది. ఆయన ఆ కారణాన్ని సాకుగా కాక పాఠ్యప్రణాళికగా తీసుకొన్నాడు. తిరిగివచ్చి సాధన తీవ్రం చేసి, ఈసారి అధిక బరువు విభాగానికి, అంటే 57 కిలోల బాంటమ్ వెయిట్‌కు సిద్ధమయ్యాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్ళడానికి డబ్బు చాలలేదు. ఊరివారు చందాలు వేసుకొన్నారు. ఆయన చదివిన కొల్హాపూర్ రాజారాం కళాశాల ప్రధానాచార్యుడు ఖర్డేకర్ తన ఇంటిని తాకట్టుపెట్టి ఏడు వేల రూపాయలు సమకూర్చాడు.

హెల్సింకిలో కెనడా, మెక్సికో, జర్మనీ మల్లులను జాదవ్ ఓడించాడు. పిదప జపానుకు చెందిన షోహాచి ఇషీతో సుదీర్ఘంగా పోరాడి ఓడాడు. వెంటనే సోవియట్ మల్లుడు రషీద్ మమెద్‌బెకోవ్‌తో తలపడవలసి వచ్చింది. రెండు పోటీల నడుమ విశ్రాంతి ఇవ్వాలనే నియమాన్ని గుర్తుచేసి వాదించడానికి ఆ సమయంలో మన అధికారి ఎవరూ అక్కడ లేరని ఆయన జీవితాన్ని రాసినవారు చెబుతారు. అలసిన దేహంతో పోరాడి అక్కడా ఓడాడు. ఇషీకి స్వర్ణం, మమెద్‌బెకోవ్‌కు రజతం, జాదవ్‌కు కాంస్యం దక్కాయి. స్వతంత్ర భారతదేశానికి వ్యక్తిగత క్రీడలో లభించిన మొదటి ఒలింపిక్ పతకం అది. రెండవది 1996లో టెన్నిస్‌లో లియాండర్ పేస్ తెచ్చేవరకు దేశం 44 సంవత్సరాలు ఎదురుచూసింది.

ఆ తరువాతి కథ తక్కువగా చెప్పుకొంటాం. 1955లో జాదవ్ పోలీసుశాఖలో చేరాడు. మోకాలి గాయం వలన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళలేకపోయాడు. 1984లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. అర్జున పురస్కారం ఆయన పోయిన పదహారేళ్ళ తరువాత ప్రకటించారు. పతకం తెచ్చినవాడికి గుర్తింపు దానంతట అదే నడిచివస్తుందని నమ్మడానికి ఈ చరిత్ర అవకాశమివ్వదు. అయితే ఇంటిని తాకట్టుపెట్టిన గురువు రుణాన్ని మాత్రం జాదవ్, తిరిగివచ్చాక కుస్తీ పోటీలు ఏర్పాటుచేసి ఆ సొమ్ముతో తీర్చాడని చెబుతారు.

ఈనాటి ఒలింపిక్ కుస్తీలో ఓడినవారి కోసమే ఏర్పరచిన నియమం ఒకటి ఉన్నది. దానిని రెపిషాజ్ అంటారు. నిన్ను ఓడించిన వ్యక్తి ఫైనల్‌కు చేరితే, కాంస్యం కోసం పోరాడే మరొక అవకాశం నీకు లభిస్తుంది. దీని వెనుక ఉన్న న్యాయం తేలికగా బోధపడుతుంది. చీట్లు తీసినప్పుడు అందరికంటె బలవంతుడు మొదటి పోటీలోనే ఎదురుపడటం నీ లోపం కాదు. కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఓడినవారు తమను ఓడించినవారి ఫలితం కోసం గంటల తరబడి వేచి ఉండాలి. ఆ సమయంలో దుఃఖపడుతూ ఒళ్ళు చల్లబడనిచ్చినవారికి, అవకాశం వచ్చినా ఉపయోగం ఉండదు.

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో హర్యానాకు చెందిన సాక్షి మాలిక్ 58 కిలోల విభాగం క్వార్టర్ ఫైనల్‌లో రష్యాకు చెందిన వలేరియా కోబ్లోవా చేతిలో ఓడింది. కోబ్లోవా ఫైనల్‌కు చేరడంతో సాక్షికి రెపిషాజ్ దొరికింది. మంగోలియా మల్లురాలిని ఓడించి, కాంస్య పోటీలో కిర్గిజ్‌స్థాన్‌కు చెందిన ఐసులూ తినిబెకోవాతో తలపడింది. మొదటి మూడు నిమిషాలు ముగిసేసరికి 0-5తో వెనుకబడి ఉన్నది. మిగిలినవి మూడు నిమిషాలు. వాటిలో ఆమె ఎనిమిది పాయింట్లు సాధించింది. నిర్ణయాత్మకమైన పట్టు చివరి క్షణాలలో పట్టింది. 8-5తో గెలిచి, ఒలింపిక్స్‌లో పతకం పొందిన తొలి భారతీయ మల్లురాలు అయింది.

ఇటువంటి అవకాశం అన్ని ఆటలలో ఉండదు. మన నిజామాబాదుకు చెందిన బాక్సర్ నిఖత్ జరీన్ విషయమే చూడండి. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయిన ఆమెకు 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది. చాలాకాలం రింగుకు దూరమైంది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీల కోసం 2019 డిసెంబరులో జరిగిన ఎంపికలో మేరీ కోమ్ చేతిలో 1-9తో ఓడింది. ఆ ఓటమిని దేశమంతా చూసింది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ఆమె ప్రపంచ విజేతగా నిలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండవ పోటీలోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడి, కన్నీటితో వెనుదిరిగింది. ఆ వూ యూ చివరికి స్వర్ణం గెలిచింది. బాక్సింగ్‌లో రెపిషాజ్ లేదు. అదే కుస్తీ అయి ఉంటే, ఫైనల్‌కు చేరినవారి చేతిలో ఓడినందువల్ల నిఖత్‌కు కాంస్యం కోసం మరొక దారి తెరచుకొని ఉండేది. ఒకే ఓటమి ఒక ఆటలో ముగింపు, మరొక ఆటలో మలుపు. ఓటమికి అర్థం ఇచ్చేది క్రీడాకారుడి మనసు మాత్రమే కాదు, నియమాలు కూడా అని దీనివల్ల తెలుస్తుంది.

నియమం ఎంత కఠినంగా ఉండగలదో వినేశ్ ఫోగట్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. రియోలో మోకాలికి తీవ్రగాయమై స్ట్రెచర్ మీద బయటికి వచ్చింది. టోక్యోలో క్వార్టర్ ఫైనల్‌లో ఓడింది. 2024 ఆగస్టు 6న పారిస్‌లో 50 కిలోల విభాగం తొలి పోటీలోనే, అప్పటివరకు అంతర్జాతీయ పోటీలలో ఓటమి ఎరుగని జపాను మల్లురాలు యుయి సుసాకిని ఓడించింది. అదేరోజు మరి రెండు పోటీలు గెలిచి ఫైనల్‌కు చేరింది. పోటీ రెండు రోజులు సాగితే రెండు రోజులూ ఉదయం బరువు తూగాలి. మరునాడు తూకంలో 100 గ్రాములు ఎక్కువ వచ్చాయి. రాత్రంతా ఆహారం, నీరు లేకుండా వ్యాయామం చేసినా బరువు దిగలేదు. అనర్హురాలిగా ప్రకటించారు. సెమీఫైనల్‌లో ఆమె చేతిలో ఓడిన క్యూబా మల్లురాలు ఫైనల్‌లో ఆడింది. రజతం ఇవ్వాలన్న వినేశ్ విజ్ఞప్తిని క్రీడా న్యాయస్థానం తోసిపుచ్చింది.

ఈ సంఘటన నుంచి పాఠం తీయాలని తొందరపడేవారు చాలామంది ఉన్నారు. తీయదగిన పాఠం ఒకటే, అది మనోధైర్యానికి సంబంధించినది కాదు, దేహానికి సంబంధించినది. సహజమైన బరువుకంటె బాగా తక్కువ విభాగంలో పోటీ చేయడానికి మల్లులు నీరు మానుకొని, ఆవిరి గదులలో కూర్చొని బరువు దింపుతుంటారు. నీరు తగ్గిన దేహంలో రక్తం చిక్కబడుతుంది, గుండె మీద, మూత్రపిండాల మీద భారం పెరుగుతుంది. 1997 నవంబరు, డిసెంబరు నెలలలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు ఈ విధంగా బరువు తగ్గించుకొంటూ మరణించారు. తరువాత అక్కడి విద్యాసంస్థల పోటీలలో నియమాలను మార్చారు. ఇంకా ఎముకలు ఎదుగుతున్న వయసులో ఉన్న విద్యార్థి పై విభాగంలో ఓడిపోయినా నష్టం లేదు కాని, కింది విభాగం కోసం నీళ్ళు మానరాదు.

ప్రతి ఎదురుదెబ్బా ఒక పాఠమే అని చెప్పడం కూడా పొరపాటే. 2023 జనవరిలో సాక్షి, వినేశ్ మొదలైనవారు తమ క్రీడాసమాఖ్య అధ్యక్షునిపై లైంగిక వేధింపుల ఆరోపణలు చేస్తూ ఢిల్లీలోని జంతర్‌మంతర్ వద్ద నిరసనకు కూర్చున్నారు. ఆ సంవత్సరం డిసెంబరులో, సమాఖ్య ఎన్నికలలో ఆయన సన్నిహితుడే గెలవడంతో, సాక్షి తన కుస్తీ బూట్లను విలేఖరుల ఎదుట బల్లమీద పెట్టి ఆటనుంచి తప్పుకొన్నది. మ్యాట్ మీద పడినప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో తనలో వెతుక్కోవాలి. అన్యాయం వలన పడినప్పుడు తనలో వెతుక్కోరాదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడం కష్టం. ఎంపికలో పేరు రాని విద్యార్థి, తనకంటె మెరుగైనవాడు ఉన్నాడా, లేక ఎంపికే సవ్యంగా జరగలేదా అని నిదానంగా ఆలోచించాలి. మొదటిదైతే సాధన, రెండవదైతే ఫిర్యాదు. రెండింటికీ ధైర్యం కావాలి.

కుస్తీకే ఒకసారి ఎదురుదెబ్బ తగిలింది. 1896లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉన్న ఈ ప్రాచీన క్రీడను 2020 నుంచి తొలగించాలని 2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు కార్యనిర్వాహక మండలి సిఫారసు చేసింది. ప్రపంచంలోని మల్లులు ఆగ్రహించారు. అయితే ఆగ్రహంతో ఆగక, ప్రేక్షకులకు అర్థంకాని పాయింట్ల పద్ధతిని సరళం చేశారు, స్త్రీల విభాగాలను పెంచడానికి పూనుకొన్నారు, నాయకత్వాన్ని మార్చుకొన్నారు. ఏడు నెలలు తిరగకుండానే, సెప్టెంబరులో, కుస్తీ తన స్థానాన్ని తిరిగి సంపాదించుకొన్నది. వేల ఏండ్ల వయసుగల ఆట కూడా పడినప్పుడు తన పాదాల వంక చూసుకోవలసి వచ్చింది.

ఇక మన మైదానాల సంగతి. రామగిరిలో కబడ్డీ ఆడే పిల్లకు కుస్తీ పరాయి విద్య కాదు. కూతకు వచ్చినవారి చీలమండను ఒడిసిపట్టడం, నడుము పట్టి వెనక్కి లాగడం రెండు ఆటలకూ ఉమ్మడి సొత్తు. ఎవరికైనా ఈ విద్య నేర్వాలని ఉంటే ఖరీదైన పరికరాలు అక్కరలేదు. మెత్తని నేల, తెలిసిన గురువు, తనను పడవేయగల తోటివాడు ఒకడు ఉంటే చాలు. గురువు లేకుండా మాత్రం పట్లు పట్టరాదు. మెడకు తగిలే దెబ్బలు ప్రమాదకరమైనవి. పాతకాలపు పహిల్వానుల చెవులు ముడుచుకొని అప్పడంలాగ గట్టిపడి ఉండటం మీరు చూసి ఉండవచ్చు. రాపిడివలన చెవిలో గడ్డకట్టిన రక్తానికి సకాలంలో వైద్యం చేయించుకోకపోవడం దానికి కారణం. వారు దానిని గర్వంగా చూపుతారు కాని, నేటి వారికి ఆ అలంకారం అవసరం లేదు.

మ్యాట్ మీద పోటీ ముగిసిన తరువాత రిఫరీ ఇద్దరి చేతులూ పట్టుకొని నిలబడి, గెలిచినవారి చేతిని పైకి ఎత్తుతాడు. ఓడినవారు ఆ క్షణంలో పక్కనే నిలబడి ఉండాలి. వెళ్ళిపోవడానికి వీలులేదు. తరువాత ప్రత్యర్థితోను, ప్రత్యర్థి శిక్షకునితోను చేయి కలపాలి. మట్టి గోదాలో ఈ లాంఛనం ఇంకొక విధంగా ఉంటుంది. సాయంకాలపు పోరులో ఎవరు గెలిచినా, వందల పాదాలు తొక్కిన మట్టి మరునాటికి మళ్ళీ గట్టిపడుతుంది. తెల్లవారుజామున ముందుగా వచ్చినవాడు పార అందుకొంటాడు. మిగిలినవారు వచ్చేసరికి సగం గోదా తవ్వి ఉంటుంది.